పార్టీ పూపర్ నుంచి రబా-జ్వా దాకా: సరదా చెడగొట్టేవాళ్ల పేర్లపై అపోహలు - వాస్తవాలు

ఫ్రెంచ్ పాఠాలు చెప్పడం, ఫ్రెంచ్, ఇంగ్లిష్‌ల మధ్య అనువాదాలు చేయడం నా వృత్తి. మనం పానకంలో పుడక అనే మనిషికి ఈ రెండు భాషల్లో బోలెడు పేర్లున్నాయి. వాటి పుట్టుక గురించి నెట్‌లో తిరిగే కథలు చాలావరకు ఊహలే. ఒక మాట ఎప్పటి నుంచి రాతలో కనబడుతోంది, దాన్ని ఏ ముక్కలతో కట్టారు అన్నవి చూడకుండా ఏ కథనూ నమ్మకండి.

అపోహ: ‘పార్టీ పూపర్’ బూతుమాట.

కాదు. పిల్లల భాషలో ‘పూప్’కి ఉన్న ‘మలం’ అనే అర్థం వల్ల వచ్చిన అనుమానం ఇది. అమెరికన్ వాడుకలో ‘పూప్డ్’ అంటే బాగా అలసిపోవడం. అందరూ హుషారుగా ఉన్నప్పుడు తాను ముందే నీరసపడి, మిగతావాళ్ల ఊపు కూడా తగ్గించేవాడు పార్టీ పూపర్. 1950ల మొదట్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఆఫీసులో నిశ్చింతగా అనొచ్చు.

అపోహ: ‘స్పాయిల్‌స్పోర్ట్’ ఆటల మైదానంలో పుట్టింది.

ఈ మాట పుట్టే నాటికి ‘స్పోర్ట్’ అంటే ప్రధానంగా వినోదం, కాలక్షేపం. పాత ఫ్రెంచ్‌లో ‘దెస్పోర్’ అంటే సరదా. అది ఇంగ్లిష్‌లోకి ‘డిస్పోర్ట్’గా వచ్చి, తల తెగి ‘స్పోర్ట్’గా మిగిలింది. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు అదే మాటను ఆటల అర్థంలో ఇంగ్లిష్ నుంచి తిరిగి తెచ్చుకున్నారు. తమ మాటే అని గుర్తుపట్టారో లేదో!

‘స్పాయిల్’ కూడా ఫ్రెంచ్ మీదుగా వచ్చినదే. మూలం లాటిన్ ‘స్పోలియం’: జంతువు నుంచి ఒలిచిన తోలు, చచ్చిన శత్రువు ఒంటి మీద నుంచి లాక్కున్న ఆయుధాలు. దోపిడీ సొమ్మును ఇంగ్లిష్‌లో ఇప్పటికీ ‘స్పాయిల్స్’ అంటారు. అంటే స్పాయిల్‌స్పోర్ట్ మొదటి ముక్కలో ఉన్నది పాడుచేయడం కన్నా ముందు దోచుకోవడం. ఈ సంగతి తెలిశాక నాకు ఆ మాట మీద గౌరవం పెరిగింది.

అపోహ: ‘కిల్‌జాయ్’ అచ్చమైన ఇంగ్లిష్ మాట, ‘రబా-జ్వా’ దానికి ఫ్రెంచ్ అనువాదం.

కాలం చూస్తే ఇది నిలవదు. రబా-జ్వా మధ్యయుగాల నాటిది. కిల్‌జాయ్ 18వ శతాబ్దం చివర్లో, 1776 ప్రాంతంలో కనబడుతుంది. ‘జాయ్’ అనే ముక్కే ఫ్రెంచ్ ‘జ్వా’ నుంచి వచ్చింది.

అసలు కట్టుబడి చూడండి. ఇంగ్లిష్ సహజ పద్ధతిలో అయితే క్రియ చివర రావాలి, పార్టీ పూపర్‌లో వచ్చినట్టు. కిల్‌జాయ్, స్పాయిల్‌స్పోర్ట్, పిక్‌పాకెట్‌లలో క్రియ ముందుకొచ్చింది. ఇలాంటి సమాసాలు ఇంగ్లిష్‌లో బలపడింది ఫ్రెంచ్ ప్రభావంతోనే. అంతమాత్రాన కిల్‌జాయ్‌ని రబా-జ్వాకు తర్జుమా అనడానికీ వీల్లేదు. అచ్చు ఫ్రెంచ్‌దైనా బొమ్మ ఇంగ్లిష్‌దే: ఒకరు సంతోషాన్ని చంపుతారు, ఇంకొకరు కిందికి దించుతారు. ‘రబాత్ర్’ అంటే కొట్టి దించడం, తగ్గించడం. షాపులో మనం అడిగే ‘రిబేట్’ కూడా ఈ క్రియ నుంచి వచ్చిందే.

అపోహ: ‘వెట్ బ్లాంకెట్’ అంటే కప్పుకుంటే వణుకు పుట్టించే తడి దుప్పటి.

అది ఒంటి మీద కప్పేది కాదు, మంట మీద కప్పేది. నిప్పంటుకుంటే నీళ్లలో తడిపిన దుప్పట్లు వేసి ఆర్పేవారు. అలాగే నలుగురి ఉత్సాహం మీద పడి దాన్ని చల్లార్చే మనిషికి 19వ శతాబ్దంలో ఆ పేరు స్థిరపడింది.

ఫ్రెంచ్‌లో దీనికి జోడీ ‘ఎతెన్వార్’. కొవ్వొత్తి మీద బోర్లించి ఆర్పే చిన్న లోహపు టోపీ అది. దీని కథ సరదాల దగ్గర ఆగలేదు. 1815 ప్రాంతంలో పారిస్‌లోని ‘ల నాం జోన్’ అనే వ్యంగ్య పత్రిక, కొత్త ఆలోచనల వెలుగు గిట్టని ఛాందసులకు ‘ఎతెన్వార్ బిరుదు’ అంటూ ఒక ఉత్తుత్తి బిరుదు సృష్టించింది. 1840లలో కెనడాలోని క్యుబెక్‌లో బడి పన్నుకు వ్యతిరేకంగా పల్లెల్లో పెద్ద గొడవలు జరిగాయి, బడులు తగలబెట్టారు. ఆ తిరుగుబాటుదారులను ‘ఎతెన్వార్లు’ అన్నారు, చదువు వెలుగును ఆర్పేవాళ్లని. పన్ను కట్టలేక ఎదురుతిరిగిన పేద రైతులకు కూడా ఆ ముద్ర పడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అపోహ: ‘అంపెషర్ ద తూర్నే ఆం రోం’ అంటే దారి తప్పినవాణ్ణి సరిదిద్దేవాడు.

విద్యార్థులు తరచూ ఇలాగే అనువదిస్తారు. ‘తూర్నే ఆం రోం’ అంటే ముందుకు సాగకుండా ఉన్నచోటే తిరగడం కదా, దాన్ని ఆపేవాడు మంచివాడే అనుకుంటారు. కానీ ఇక్కడ తిరగడం అంటే గుండ్రంగా చేరి ఆడే నృత్యం. ఇదే మాటకు ‘దాంసే ఆం రోం’, అంటే గుండ్రంగా నాట్యమాడటం, అనే రూపం కూడా ఉంది. దీన్ని పోల్-లూయి కూరియే అనే ఫ్రెంచ్ రచయిత 1822లో రాసిన అర్జీతో ముడిపెడతారు. అజే అనే ఊళ్లో జనం నృత్యం చేయకూడదని అధికారులు నిషేధిస్తే, ఆ గ్రామస్థుల తరఫున ఆయన పార్లమెంటుకు రాసిన అర్జీ అది. మాట అచ్చంగా అందులోనే పుట్టిందని నేను అనను. ఆ కాలపు పల్లెల్లో ఆటపాటలు ఆపించేవాళ్ల మీద జనానికి ఎంత మంట ఉండేదో మాత్రం ఆ అర్జీలో కళ్లకు కడుతుంది.

అపోహ: ‘సౌర్‌పస్’ అంటే చిరాకు పిల్లి.

ఈ ‘పస్’ పిల్లి కాదు, మూతి. ఐరిష్ భాషలో ‘పుస్’ అంటే పెదవి, నోరు. అమెరికా వాడుకలో అది ముఖం అయింది. ఎప్పుడూ మూతి ముడుచుకుని కూర్చునేవాళ్లే సౌర్‌పస్.