రాత్రిపూట నిండే వేడి తొట్టి

చింటూ, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో చింటూ అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు, స్కూలుకు లేటవుతోందని మీ అమ్మ తొందరపెట్టింది. "తాతా, మా హాల్లో తెల్ల హీటరు పొద్దున లేచేసరికి వేడిగా ఉంటుంది, సాయంత్రం మేం వచ్చేసరికి చల్లబడిపోతుంది, మాకు చలి వేసేదే అప్పుడు కదా, మరి ఉల్టా ఎందుకు పనిచేస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. స్కాట్లాండ్‌లో, గ్యాస్ లైను లేని మీ అబర్దీన్ ఫ్లాటులో పోయిన జనవరి అంతా ఆ పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, దాని సంగతి నాకూ కొంత తెలుసు.

మా చిన్నప్పుడు జనగామ దగ్గర మా ఊళ్లో పొలానికి త్రీఫేజ్ కరెంటు ఎక్కువగా రాత్రిపూటే ఇచ్చేవాళ్లు. బావి దగ్గర ఒక బల్బు వేలాడేది, అది వెలిగిందంటే కరెంటు వచ్చినట్టు. నిద్రకళ్లతో బాపు వెనకాల కందిలి పట్టుకుని పొలం గట్ల మీద నడిచేవాణ్ణి, పాములంటే భయం, అయినా బాపు స్టార్టర్ నొక్కగానే పైపులోంచి నీళ్లు ఎగిరిపడే చప్పుడు వినాలని వెళ్లేవాణ్ణి. ఆ నీళ్లతో సిమెంటు తొట్టి నింపుకుంటే తెల్లారాక కరెంటు లేకపోయినా తూము తీసి మడికి పారించుకోవచ్చు.

మీ హీటరు కూడా తొట్టే, దాన్ని స్టోరేజ్ హీటరు అంటారు. నీళ్లకు బదులు వేడిని నింపుతారు. లోపల బరువైన ఇటుకలుంటాయి, వాటి మధ్య కరెంటు తీగలు. రాత్రి ఆ తీగలు కాలి ఇటుకలను ఆరేడు వందల డిగ్రీల దాకా వేడెక్కిస్తాయి. మీ హాల్లో ఉన్నలాంటి పెద్దది గంటకు 3.4 యూనిట్లు తాగితే ఏడు గంటల్లో దాదాపు 24 యూనిట్లు. ఏడే ఎందుకంటే, బ్రిటన్‌లో అప్పట్లో రాత్రి జనమంతా పడుకున్నా బొగ్గు, అణు విద్యుత్ కేంద్రాలను ఊరికే ఆపి మళ్లీ తిప్పడం కష్టమయ్యేది, ఆ మిగులు కరెంటును ఏడు గంటలు చౌకగా అమ్ముదామని 1978లో ఎకానమీ సెవెన్ అనే కరెంటు రేటు పెట్టారు. పగటి యూనిటు మాత్రం మామూలుకన్నా ఖరీదు, అందుకే పగలు మామూలు హీటరు పెట్టుకుంటే బిల్లు పెరిగిపోతుంది.

ఇక చింటూ ప్రశ్న. మా తొట్టికి ఎంత సిమెంటు పూసినా బయట చెమ్మ తగిలేది. మీ పెట్టెలోనూ ఇటుకల చుట్టూ మందంగా పొర ఉన్నా వేడి కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది, తూము కూడా పొద్దుటినుంచీ తెరిచే ఉంటే సాయంత్రానికి ఏం మిగులుతుంది? పైన రెండు మీటలు ఉన్నాయి చూడండి. ఇన్‌పుట్ అంటే ఈ రాత్రి ఎంత నింపాలో, అవుట్‌పుట్ అంటే తూము. రేపు మంచు పడుతుందని టీవీలో చెబితే ఇన్‌పుట్ ఈ సాయంత్రమే పెంచమని నాన్నకు చెప్పండి, రేపు పెంచితే ఎల్లుండికి గానీ పనిచేయదు. ఎవరూ ఇంట్లో లేని పగలంతా అవుట్‌పుట్ తగ్గించి ఉంచి, మీరు స్కూలునుంచి వచ్చాక తెరవాలి. ఉన్నదాన్ని అవసరమైన వేళకు దాచుకోవడం మా బాపు నేర్పిన పని, మీరూ నేర్చుకోండి. దాని మీద తడి సాక్సులు మాత్రం ఆరేయొద్దు, నిప్పు అంటుకోవచ్చు.

బుజ్జీ, రాత్రి ఎవరూ లేవకుండానే స్విచ్ ఎలా పడుతుందని నువ్వు అడిగావు. 1980లనుంచి చాలా ఇళ్లలో ఆ పని రేడియో చేసేది. బీబీసీ లాంగ్‌వేవ్‌లో, 198 కిలోహెర్ట్జ్ మీద, వార్తలూ క్రికెట్ కామెంటరీ వచ్చే తరంగంలోనే చెవికి వినిపించని ఆజ్ఞ ఒకటి కలిపి పంపేవాళ్లు, వీధి వీధంతా మీటర్లు దాన్ని విని హీటర్లు వెలిగించేవి. 2025 జూన్ 30 నుంచి దాన్ని ఒక్కో ప్రాంతంలో ఆపుకుంటూ వచ్చారు, ఇప్పుడా పని స్మార్ట్ మీటరుది. మా బాపు గట్లు దాటి నడిచి నొక్కిన స్విచ్, గాలిలోంచి వచ్చి పడడం! ఎంత ఆలోచించినా నాకు ఆశ్చర్యం తగ్గదు.

శనివారం ఒక పని చేయండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి హీటరు పైన జానెడు ఎత్తులో అరచేయి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఎంత వేడిగా ఉందో నోటుబుక్కులో రాసి, ఆ పేజీ ఫొటో నాకు పంపండి.

మీ తాత