టికెట్టు డబ్బు గొరిల్లాలను కాపాడిందా? శాస్త్రవేత్తల వెంట సాగే అడవి యాత్రల పూర్వాపరాలు

మారుమూల అడవులకు, మంచు సముద్రాలకు తీసుకెళ్లే ఖరీదైన యాత్రల ప్రకటనల్లో ఒక మాట తరచుగా కనిపిస్తోంది: మీ వెంట శాస్త్రవేత్త ఉంటారు. మీరు కట్టే డబ్బు జంతువుల రక్షణకే వెళ్తుందన్న హామీ దాని పక్కనే ఉంటుంది. ఈ రెండు మాటల వెనుక సుమారు అరవై ఏళ్ల కథ ఉంది.

స్వీడన్‌లో పుట్టి అమెరికాలో ట్రావెల్ వ్యాపారం నడిపిన లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో పర్యాటకులను అంటార్కిటికాకు, మరుసటి ఏడాది గాలపాగోస్‌ దీవులకు ఓడలో తీసుకెళ్లాడు. గాలపాగోస్‌కు ఒక అదృష్టం ఉంది. అక్కడ పర్యాటకుల కంటే ముందే శాస్త్రవేత్తలు కుదురుకున్నారు. ఈక్వడార్ ప్రభుత్వం 1959లో ఆ దీవులను జాతీయ పార్కుగా ప్రకటించింది, 1964లో చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రం మొదలైంది. పార్కు గుర్తింపు ఉన్న గైడు వెంట ఉంటేనే దీవుల్లో అడుగు పెట్టాలి, గుర్తు పెట్టిన బాట దాటకూడదు అన్న కట్టుబాట్లు అక్కడ నిలవడానికి అదొక కారణం.

రువాండాలో కథ ఇంత సాఫీగా సాగలేదు. అక్కడి విరుంగా అగ్నిపర్వతాల మీద గొరిల్లాలను పరిశీలించడానికి డయాన్ ఫాసీ అనే అమెరికా పరిశోధకురాలు 1967లో కరిసోకే పరిశోధన శిబిరం పెట్టింది. మరో రెండేళ్లకే గొరిల్లాలుండే ఆ జాతీయ పార్కులో సుమారు 10,000 హెక్టార్లను పురుగుమందుకు పనికొచ్చే పైరెత్రం పూల సాగుకు ఇచ్చేశారు. 1970ల చివర్లో ఇంకో 5,000 హెక్టార్లను పశువుల మేతకు మళ్లించే ప్రతిపాదన వచ్చింది. అప్పుడు కరిసోకేలో పనిచేస్తున్న అమీ వెడర్, బిల్ వెబర్ దంపతుల్లో ఆమె గొరిల్లాల తిండిని లెక్కగట్టింది, ఆయన చుట్టుపక్కల రైతులతో మాట్లాడాడు. కొండ మీద గొరిల్లాల తిండికి కొరత లేదని, గొరిల్లాలు తగ్గిపోవడానికి కారణం వేట, అడవి నరికివేత అని తేలింది. గొరిల్లాలను చూపించి డబ్బు సంపాదించవచ్చు, పశువుల పథకం అవసరం లేదని వాళ్లిద్దరూ ప్రభుత్వానికి చెప్పారు. 1979లో మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టు పుట్టింది. ఫాసీకి మాత్రం ఈ పర్యాటకం గిట్టలేదు. మనుషులు దగ్గరికొస్తే గొరిల్లాలకు ముప్పన్న ఆమె భయం ఉత్తది కాదని తర్వాత తెలిసింది.

అడవి గొరిల్లా మనిషిని చూస్తే పారిపోతుంది, లేదా మీదకు వస్తుంది. దాన్ని మనుషులకు అలవాటు చేయడానికి జాడ పట్టే ట్రాకర్లు ప్రతిరోజూ అదే గుంపు దగ్గరికి వెళ్లి, తలవంచి కూర్చుని, ఆకులు నములుతున్నట్టు నటిస్తూ, గొరిల్లాలు తృప్తిగా ఉన్నప్పుడు చేసే గొంతు శబ్దాన్ని అనుకరిస్తారు. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ముక్కు మీది ముడతల్ని బట్టి ఒక్కొక్క దాన్నీ గుర్తుపడతారు. రాత్రి పడుకున్న గూళ్లలో పేడ ముద్దల సైజు చూసి ఎన్ని పెద్దవో ఎన్ని పిల్లలో చెబుతారు. పర్యాటకుడు చూసే ఒక్క గంట వెనుక ఇంత చాకిరీ ఉంది.

అయితే దగ్గరితనంతో పాటు రోగాలూ వస్తాయి. 1988లో విరుంగా గొరిల్లాలకు శ్వాసకోశ వ్యాధి సోకి కొన్ని చనిపోయాయి. తట్టు అని అనుమానించి మిగతావాటికి టీకాలు వేశారు. గుంపుకు ఎనిమిది మందే, ఒక్క గంటే, జలుబుంటే రావద్దు, దూరంగా నిలబడాలి అన్న నిబంధనలు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

1980ల మొదట్లో విరుంగాలో గొరిల్లాలు సుమారు 250. 2015-16 గణనలో 604 తేలాయి. ఈ పెరుగుదలను టికెట్టుకు కట్టబెట్టేస్తే తప్పవుతుంది. అలవాటు పడి, రోజూ కాపలా, అవసరమైతే పశువైద్యుడి చికిత్స అందిన గుంపులే పెరిగాయి, మిగతావి పెరగలేదు. టికెట్టు చేసే మేలు ఆ కాపలాకు జీతమివ్వడం. రువాండా 2017లో గొరిల్లాలను చూసే అనుమతి రుసుమును 750 డాలర్ల నుంచి ఒక్కసారిగా 1,500కు పెంచి, పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్ల వాటాను 5 నుంచి 10 శాతం చేసింది. కొండ కింద పొలం చేసుకునే రైతుకు ఆ 10 శాతం ఎక్కువేమీ కాదని నాకనిపిస్తుంది.

పర్యాటకం మీదే ఆధారపడితే ఏమవుతుందో 2020 చూపించింది. కరోనాతో సందర్శకులు ఆగిపోయిన ఆ జూన్‌లోనే ఉగాండాలోని బ్విండీ అడవిలో రఫీకీ అనే పెద్ద మగ గొరిల్లాను వేటగాడు చంపాడు.

అంటార్కిటికాలో పార్కు లేదు, రుసుము లేదు, వాటా అడిగే ఊరూ లేదు. 1991లో ఏడు యాత్రా కంపెనీలు కలిసి పెట్టుకున్న సంఘమే అక్కడి రోజువారీ క్రమశిక్షణ చూస్తోంది: ఒడ్డున ఒకసారికి 100 మందికి మించకూడదు, 500 మందికి పైగా ఎక్కిన ఓడ నుంచి ఎవరూ దిగకూడదు. సందర్శకులు తీసిన తిమింగలాల తోకల ఫొటోలు శాస్త్రవేత్తలకు నిజంగానే పనికొస్తున్నాయి, తోక అడుగున ఉండే మచ్చలతో ఒక్కొక్క హంప్‌బ్యాక్‌నూ గుర్తించవచ్చు. కానీ 1990ల తొలి ఏళ్లలో ఏటా కొన్ని వేలున్న సందర్శకులు 2023-24లో లక్ష దాటారు. మొత్తం మీద ఇంతమందే రావాలన్న పరిమితి మాత్రం లేదు. 2024 మేలో కొచ్చిలో, అంటార్కిటికా వ్యవహారాలను కలిసి చూసుకునే అంటార్కిటిక్ ఒప్పంద దేశాల సమావేశంలో పర్యాటకానికి సమగ్ర నిబంధనల మీద చర్చ సాగింది. ఓటు హక్కున్న 29 దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా అక్కడ ఏ నిర్ణయమూ కుదరదు.