13, 14, 15: జేబులో పెట్టుకోవాల్సిన త్రిభుజం

ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్‌కి త్రిభుజాల్లో ఏం చదవాలని కోనసీమ నుంచి ఓ ఇంటర్ విద్యార్థి ప్రశ్న. సైన్ సూత్రం, కొసైన్ సూత్రం, అర్ధకోణాలు, కేంద్రాలు, బాహ్యవృత్తాలు... జాబితా ఏ మెటీరియల్‌లోనైనా దొరుకుతుంది, వదిలేద్దాం. సూత్రం గుర్తుంటుంది, ప్లస్సో మైనస్సో గుర్తుండదు. మార్కు పోయేది అక్కడే. దానికి మందు ఒకే ఒక్క త్రిభుజం.

కాలువగట్టూ రోడ్డూ కలిసేచోట డెల్టాలో ముక్కోణపు నేలముక్కలు కొల్లలు. వాస్తు పేరు చెప్పి బేరం తగ్గిస్తారు గానీ, కొలిచేవాడికి అంతకంటే సుఖమైన ఆకారం లేదు. ఎంత వంకర చేనునైనా ముక్కోణాలుగా విడగొట్టే కదా కొలిచేది! భుజాలు 130, 140, 150 లింకులనుకోండి (లింకు అంటే సర్వే గొలుసు కొలత). చుట్టుకొలతలో సగం 210. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 80, 70, 60. నాలుగూ గుణించి వర్గమూలం తీస్తే 8,400 చదరపు లింకులు. వెయ్యికి ఒక సెంటు చొప్పున 8.4 సెంట్లు.

సున్నాలు కొట్టేస్తే 13, 14, 15, వైశాల్యం 84. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఇచ్చిన త్రిభుజమే ఇది. 14ని మనువులతో, 15ని తిథులతో చెప్పాడాయన.

ఇక దీన్ని పిండుదాం. స్మాల్ ఆర్, అంటే అంతరవృత్త వ్యాసార్ధం: వైశాల్యాన్ని సగం చుట్టుకొలతతో భాగిస్తే 84/21, అంటే 4. క్యాపిటల్ ఆర్, అంటే మూడు శీర్షాల గుండా పోయే పరివృత్త వ్యాసార్ధం: భుజాల లబ్ధాన్ని 4 వైశాల్యాలతో భాగిస్తే 2730/336, అంటే 8.125. 84ని 8, 7, 6తో భాగిస్తే బాహ్యవృత్తాల వ్యాసార్ధాలు ఆర్ వన్, టూ, త్రీ: 10.5, 12, 14. చిన్న భుజానికి చిన్న వ్యాసార్ధం. ఇది తారుమారు చేసేవాళ్లు చాలామంది. ఈ మూడూ కూడి స్మాల్ ఆర్‌ని తీసెయ్యాలా, కలపాలా? తీసేస్తే 32.5, సరిగ్గా క్యాపిటల్ ఆర్‌కి 4 రెట్లు. కలిపితే 40.5, దేనికీ పొసగదు. సందేహం తీరింది.

14ని అడ్డంగా, 13ని ఎడమవైపు వేసి ఎడమ కొసను (0, 0) అనుకుంటే పై శీర్షం (5, 12). లంబకేంద్రం (5, 3.75), గురుత్వకేంద్రం (19/3, 4), అంతరకేంద్రం (6, 4), పరికేంద్రం (7, 4.125). చివరి రెంటి మధ్య దూరపు వర్గం 1 + 1/64. క్యాపిటల్ ఆర్ వర్గంలోంచి రెండు ఆర్‌ల లబ్ధానికి రెట్టింపు తీసేసినా అంతే: 66.015625 − 65.

సమబాహు త్రిభుజంతో మాత్రం సరిచూడకండి. అక్కడ క్యాపిటల్ ఆర్ స్మాల్ ఆర్‌కి రెట్టింపు. ఇందాకటి ప్రశ్నకి "4 క్యాపిటల్ ఆర్", "8 స్మాల్ ఆర్" రెండూ ఒప్పే అవుతాయి. 3, 4, 5దీ అదే దగా: వ్యాసార్ధాలు 1, 2, 3, 6, మొదటి మూడూ కలిపితే నాలుగోది.

మన 13, 14, 15కీ ఓ లోపముంది. భుజాలు అంకశ్రేఢిలో ఉండబట్టే గురుత్వకేంద్రం, అంతరకేంద్రం రెండూ 4 ఎత్తులో కూర్చున్నాయి. అన్ని త్రిభుజాల్లోనూ అలా ఉండదు. రెండు ఆప్షన్లు నిలబడితే 7, 15, 20 తీయండి: వైశాల్యం 42, స్మాల్ ఆర్ 2, క్యాపిటల్ 12.5, మిగతావి 3, 7, 42. గురుకోణం గనక లంబకేంద్రం, పరికేంద్రం బయటికి పోతాయి.

పరీక్షలో 160 ప్రశ్నలకి 180 నిమిషాలు. సూత్రం రాబట్టే తీరిక ఉండదు, నాలుగు ఆప్షన్లలో అంకెలు వేసి చూసే తీరిక ఉంటుంది.