21 రోజుల లెక్క ఎక్కడిది?

ఏ పనైనా వరసగా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ చెబుతుంటారు. దీని మూలం వెతికితే తేలేది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా తిరిగి, చివరికి వ్యాయామానికీ రూలైపోయింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం ఈ సంగతిని కొలిచి చూసి, 2009లో ఫలితాలు ప్రచురించింది. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకున్నారు. ఒకరు భోజనంతో పాటు పండు తినడం, ఇంకొకరు కాసేపు పరుగెత్తడం, ఇలా. ఆ పని తమంతట తామే చేసేస్తున్నామా, ఇంకా గుర్తు చేసుకోవాల్సి వస్తోందా అని 12 వారాల పాటు రాసుకున్నారు. అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి మాత్రం 18 నుంచి 254 దాకా తేలింది. ఆ 254 మాత్రం గ్రాఫును పొడిగించి వేసిన అంచనా, ఎందుకంటే పరిశీలన జరిగిందే 84 రోజులు. వ్యాయామం ఎంచుకున్నవాళ్లకు మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలమే పట్టింది. ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా తేలింది. నా లెక్కలో వీటన్నిటిలోకీ పనికొచ్చే విషయం ఇదే. చాలామంది ఆ ఒక్కరోజు దగ్గరే "ఇంక నా వల్ల కాదులే" అని మానేస్తారు.

పట్టుదల ఉంటే చాలనే మాటను కూడా కాస్త అనుమానించాల్సిందే. 2002లో బ్రిటన్‌లో కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం జరిగింది. వ్యాయామం చేయకపోతే గుండెకు ఎంత ప్రమాదమో చదివించిన గుంపులో, ఆ వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేసినవాళ్లు 35 శాతం. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం! అదే చదివించి, పైగా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో రాయించిన గుంపులో 91 శాతం చేశారు. వారం రోజుల ఫలితమే కాబట్టి దీన్ని జీవితాంతానికి లాగకూడదు. కానీ మొదలుపెట్టడం దగ్గర గడియారం, చోటు ఎంత పని చేస్తాయో తెలుస్తోంది.

ఒకే చోట, ఒకే పని తర్వాత మళ్లీమళ్లీ చేసిన దాన్ని మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగాలు ఒక వరసగా గుర్తుపెట్టుకుంటాయి. అప్పుడు ముందు పని చేయగానే తర్వాతిది దానంతటదే గుర్తొస్తుంది. అందుకే "రోజూ చేస్తాను" కంటే "పళ్లు తోముకోగానే చేస్తాను" మెరుగు. బాత్రూమ్ బయటే ఒక గట్టి కుర్చీ వేసుకోండి. అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చేతులు వాడకుండా లేవండి. మళ్లీ కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా మెల్లగా దిగండి. తొడలు బిగిసేది అప్పుడే. అలా ఐదుసార్లు. నిమిషం కూడా పట్టదు.

ఇంత తక్కువా అనిపిస్తుంది. మొదటిరోజు ఉత్సాహం కొద్దీ యాభై చేస్తే, ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అంటే అలవాటింకా కుదురుకోని రెండో రోజు, మూడో రోజుకే మెట్లు దిగడం కష్టమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతోంది. పాత సూచనల్లో ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలనే షరతు ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. కాబట్టి చిన్న విడతలూ లెక్కలోకి వస్తాయి. కుర్చీ కనిపించగానే ఆలోచించకుండా కూర్చుని లేస్తున్నారంటే అప్పుడు ఐదును ఎనిమిది చేయొచ్చు, సాయంత్రం నడకను ఇంకో పనికి తగిలించొచ్చు.