ఏడాది దాటగానే పిల్లల ఆకలి ఎందుకు తగ్గుతుంది?

"మా బాబు ఏం తింటలేడు సార్." హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్లకు తల్లులు తరచూ చెప్పే మాట ఇది. ఆ బాబుకు ఏడాదిన్నరో రెండేళ్లో ఉంటాయి. మొన్నటిదాకా ఉగ్గు గిన్నె ఖాళీ చేసినవాడు ఇప్పుడు నాలుగు ముద్దలకే మూతి తిప్పేసుకుంటాడు. చాలాసార్లు ఇది జబ్బు కాదు, ఎదుగుదల నెమ్మదించడం.

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది నిండేసరికి దాదాపు తొమ్మిది కిలోలుంటుంది. అంటే మొదటి ఏడాదిలోనే ఆరు కిలోలు! రెండో ఏడాదిలో పెరిగేది రెండున్నర కిలోలే, ఆ తర్వాత ఏటా రెండు కిలోల చొప్పున. పొడవైనా అంతే: మొదటి ఏడాది 25 సెంటీమీటర్లు, రెండో ఏడాది 12. పెరిగే వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. పైగా ఒక పూట ముట్టని పిల్లలు ఇంకో పూట ఎక్కువ తిని సరిచేసుకుంటారు. అందుకే ఒక్క పూట కంచం చూసి బెంగపడకూడదు, వారమంతా ఏం తిన్నారో చూడాలి.

అసలు ప్రమాదం ఆ బెంగలోనే ఉంది. అన్నం తినలేదని పొద్దున పాలు, మధ్యాహ్నం పాలు, నిద్దట్లో పాలసీసా. రోజుకు లీటరు పాలు తాగిన బిడ్డకు అన్నం ఎలా సహిస్తుంది? తినలేదని మళ్లీ పాలే పడతారు. ఆ లీటరు పాలలో ఒక్క మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి. పాలలోని కాల్షియం, కేసీన్ అనే ప్రొటీన్ మిగతా తిండిలోని ఇనుమునూ ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఇనుము తగ్గితే ఒంట్లో రక్తం తగ్గుతుంది, ఆకలి ఇంకా మందగిస్తుంది. చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటూ ఇలాంటిదే, తేయాకులోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయి. పసివాళ్లకు చాయ్ వద్దే వద్దు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. కారణం పాలొక్కటే కాదు. తల్లిలో రక్తం తక్కువగా ఉండటం, నులిపురుగులు, చాలీచాలని తిండి అన్నీ ఉన్నాయి. కానీ పాలను తగ్గించడం ఇవాళే మన చేతిలో ఉన్న పని.

రోజుకు అర లీటరు మించకుండా, సీసాలో కాకుండా గ్లాసుతో, భోజనం తర్వాతే ఇవ్వండి. తోటకూర పప్పులో నిమ్మరసం పిండండి, తర్వాత మెత్తని జామపండు గింజలు తీసి పెట్టండి. సి విటమిన్ తోడైతే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసం తినే ఇళ్లలో కోడి కార్జం వారానికోసారి చిన్న ముక్క చాలు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని పక్కన పడేయకండి, అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. కొత్త కూరను పదిసార్లు చూపిస్తేగానీ కొందరు పిల్లలు నోట పెట్టరు, ఓపిక పట్టండి. ఫోన్ చూపించి నోట్లో కుక్కితే కడుపు నిండిన సంగతి వాళ్లకే తెలియకుండా పోతుంది.

ఇవన్నీ చేసినా ఎదుగుదల చార్టులో గీత కిందికి జారుతుంటే, కనురెప్పల లోపల పాలిపోయి ఉంటే, డాక్టరుకు చూపించాలి. మట్టి, సున్నం, బలపాలు తినే బిడ్డను కొట్టకండి. అది ఇనుము లోపానికి గుర్తు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.