డీజిల్ బండికే పవర్ ఎక్కువా? అపోహలు - వాస్తవాలు

కారు కొనే ముందు మా షెడ్డుకొచ్చి సలహా అడిగేవాళ్ళలో చాలామంది ముందే తేల్చేసుకుని వస్తారు: "అన్నా, పవర్ కావాలంటే డీజిలే కదా?" రెండు రకాల ఇంజిన్లూ విప్పి బిగించే పని నాది. అవునని ఒక్క ముక్కలో చెప్పి పంపించడం నాకు ఇష్టం ఉండదు.

అపోహ: డీజిల్ ఇంజిన్‌కే పవర్ ఎక్కువ.

వాస్తవం: 2024 హ్యుందాయ్ క్రెటా చూడండి. 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి పవర్ కొలత), 1.5 లీటర్ల డీజిల్ 116 పీఎస్. పవర్ దాదాపు సమానం. టార్క్ మాత్రం పెట్రోల్‌కు 144 న్యూటన్ మీటర్లు, డీజిల్‌కు 250.

టార్క్ అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్లు తోస్తే తిరిగే ఇరుసును) తిప్పే బలం. బోల్టు విప్పేటప్పుడు పానా మీద మనం వేసే బలం లాంటిది. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పుతున్నామో కూడా లెక్కేస్తే పవర్. టార్క్‌ను ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, వాటిని 1.36తో గుణిస్తే పీఎస్. 2000 ఆర్‌పీఎం దగ్గర ఆ డీజిల్ 250 న్యూటన్ మీటర్లతో 71 పీఎస్ ఇస్తుంది. పెట్రోల్ తన 144 మొత్తం అక్కడే ఇచ్చిందనుకున్నా (ఇవ్వదు, దానికి 4500 కావాలి) వచ్చేది 41 పీఎస్. ఊళ్ళో మనం ఎక్కువగా తిరిగేది ఆ 2000 చుట్టుపక్కలే. జనం పికప్ అనేది ఈ తేడానే. పెట్రోల్ 115 పీఎస్ అందుకునేది 6300 దగ్గర. అప్పటికి టార్క్ 128కి తగ్గి ఉంటుంది, అయినా పవర్ గరిష్ఠంగా ఉండేది అక్కడే. డీజిల్‌కు ఆ గరిష్ఠం 4000 దగ్గరే వచ్చేస్తుంది.

అపోహ: డీజిల్‌లోనే ఆ బలం ఉంది.

వాస్తవం: కిలో లెక్కన రెండు ఇంధనాల్లోనూ ఉండే శక్తి దాదాపు ఒకటే. డీజిల్ సాంద్రత ఎక్కువ కాబట్టి లీటర్‌కు కాస్త ఎక్కువ, అంతే. ఆ బలంలో ఎక్కువ భాగం టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంపు) చలవ. టర్బో లేని పాత టాటా ఇండికా డీజిల్ నడిపినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ 1.4 లీటర్ల ఇంజిన్ టార్క్ 85 న్యూటన్ మీటర్లు. అదే సైజు ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో ఇంధనం చల్లే) పెట్రోల్ అంతకన్నా ఎక్కువ ఇచ్చేది. పీల్చిన గాలి మొత్తానికీ సరిపడా డీజిల్ కొడితే నల్లపొగ వస్తుంది, అందుకని తగ్గించే కొట్టాలి. టర్బో గాలిని ఒత్తి నింపితే ఆ లోటు తీరుతుంది. పెట్రోల్‌లో అలా అతిగా నింపితే ఇంజిన్ నాక్ అవుతుంది, అంటే ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండి లోపల కొట్టుకుంటుంది. డీజిల్ సిలిండర్‌లో ముందు ఉండేది ఉట్టి గాలే, ఇంధనం చివర్లో చల్లుతాం కాబట్టి ఆ భయం లేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చల్లడం) వచ్చాక పెట్రోల్ కూడా ఈ ఇబ్బందిని చాలావరకు దాటింది: అదే క్రెటాలో టర్బో పెట్రోల్ 1500 ఆర్‌పీఎం నుంచే 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, పైగా 160 పీఎస్.

అపోహ: డీజిల్‌కు స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) పొడవు కాబట్టే టార్క్.

వాస్తవం: సీసీ మారకుండా స్ట్రోక్ పెంచితే పిస్టన్ సన్నబడాలి. క్రాంక్ చెయ్యి పొడుగైనంత మేరా పిస్టన్ తోపు తగ్గుతుంది, రెండూ చెల్లుకు చెల్లు.

అపోహ: టార్క్ ఉంది కదా, డీజిల్‌ను గేర్ దించకుండా లాగించొచ్చు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆ 250 వచ్చేది 1500 అందుకున్నాకే. 1100 దగ్గర మూడో గేర్‌లో ఎక్సలరేటర్ తొక్కితే టర్బో ఇంకా లేవదు, బండి దడదడలాడుతుంది. ఆ కుదుపంతా ఫ్లైవీల్ మీద, ఇంజిన్ మౌంటింగ్‌ల మీద పడుతుంది. పెట్రోల్ వాళ్ళదీ ఇలాంటి పొరపాటే: 3000 దాటితే ఇంజిన్ పాడవుతుందని టెన్షన్ పడి ఘాట్‌లో కూడా నాలుగో గేర్‌లో ఈడుస్తారు. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్‌కు 4500 ఆర్‌పీఎం కష్టమేమీ కాదు. గేర్ దించితే చక్రాలకు చేరే టార్క్ పెరుగుతుంది. ఐదుగురితో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేర్‌కు దించి, శబ్దానికి భయపడకుండా తొక్కండి.