కర్బన ఉద్గారాల తగ్గింపు: విశాఖ పరిశ్రమల్లో అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం పరిసరాల పరిశ్రమల్లో ఇంధన ఆడిట్లు చేయడం నా వృత్తి. ఉద్గారాల తగ్గింపు విధానాలంటే యజమానులందరికీ గిట్టదన్నది బయట బలంగా ఉన్న అపోహ. నేను చూసినంతలో వారి అసలు ఫిర్యాదు నిబంధనల నిలకడలేమి మీద. అందులో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

అపోహ: ఉద్గారాలు తగ్గాలంటే ఉత్పత్తి తగ్గించుకోవాలి.

వాస్తవం: మన దేశంలో లక్ష్యాలను టన్ను ఉత్పత్తికి ఇంత అని నిర్ణయిస్తారు. 2012లో మొదలైన పాట్ (పర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) అనే ఇంధన పొదుపు పథకం టన్నుకు ఖర్చయ్యే ఇంధనాన్ని లెక్కగట్టగా, 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం టన్నుకు వెలువడే ఉద్గారాలను లెక్కగడుతుంది. కాబట్టి కర్మాగారాన్ని విస్తరించినంత మాత్రాన ఎవరూ దోషులు కారు.

అపోహ: ఇదంతా ఖర్చే తప్ప రాబడి లేని పని.

వాస్తవం: హైడ్రోజన్‌తో ఉక్కు తయారీ వంటి వాటి విషయంలో ఈ మాట నేటికి నిజమే. కానీ ఆటోనగర్‌లోని ఒక చిన్న యూనిట్‌లో షిఫ్టు ముగిసి యంత్రాలన్నీ ఆగిన తరువాత కూడా వాటికి ఒత్తిడి గాలి అందించే కంప్రెసర్ ఆగి ఆగి మళ్లీ గాలి నింపుతూనే ఉందంటే, గాలి పైపుల జాయింట్ల దగ్గర కారిపోతోందని అర్థం. సబ్బునీళ్లు పూస్తే బుడగలే చోటు చూపిస్తాయి. నిర్వహణ సరిగా లేని చోట్ల 20 నుంచి 30 శాతం గాలి ఇలా వృథా కావడం మామూలే. దానికి మందు టెఫ్లాన్ టేపు, కొత్త క్లాంపులు, ఒక పూట శ్రమ. పెద్ద ఉదాహరణే కావాలంటే, ఎర్రగా కాలిన కోక్‌ను (బొగ్గును గాలి తగలకుండా కాల్చి చేసే ఇంధనాన్ని) నీళ్లు చల్లకుండా జడవాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి, విద్యుత్తు తయారు చేసుకునే ఏర్పాటును విశాఖ ఉక్కు కర్మాగారం కార్బన్ మార్కెట్లు పుట్టకముందే తన డిజైన్‌లో చేర్చుకుంది.

అపోహ: ఐరోపా కార్బన్ సుంకం పెద్ద ఉక్కు కంపెనీల తలనొప్పి మాత్రమే.

వాస్తవం: దిగుమతి సరుకు తయారీలో వెలువడిన ఉద్గారాలను బట్టి వేసే, 2026 జనవరి 1న పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చిన ఆ సుంకం జాబితాలో ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులే కాక నట్లు, బోల్టులు కూడా ఉన్నాయి. (రొయ్యల ఎగుమతిదారులూ కంగారుగా అడుగుతుంటారు, రొయ్యలు అందులో లేవు.) సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే అయినా లెక్కలు ఇవ్వవలసింది ఇక్కడి తయారీదారు, ఇవ్వలేకపోతే ఐరోపా సమాఖ్య నిర్ణయించిన, సాధారణంగా ఎక్కువగా ఉండే డిఫాల్ట్ విలువలు వర్తిస్తాయి. బోల్టు లెక్కలో సింహభాగం అది తయారైన కడ్డీదే కనుక, కడ్డీ కొనేటప్పుడే మిల్లు నుంచి ఉద్గారాల వివరాలు రాతపూర్వకంగా తీసుకుని, హీట్ నంబరుతో (ఒక్కో విడత కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) సహా బిల్లుల ఫైలులో భద్రపరచుకోవాలి.